కొత్తకోడలి నోట నా మాట

జూన్ 2, సోమవారం

ఇవాళ హాల్లో దాన్ని నిలబెట్టారు. నా ఎంక్వయిరీ కౌంటరుకి సరిగ్గా ఎదురుగా, మెట్ల పక్కన. మనిషెత్తు ఉంటుంది. కింద స్టాండు, పైన టీవీ లాంటి తెర. ఎవరైనా దగ్గరికి వెళితే తెర వెలిగి, కాస్త ముందుకు వంగుతుంది. అది చూసి వాచ్‌మన్, "అబ్బో, కొత్తకోడలండీ! అడుగుల చప్పుడైతే చాలు, తల వంచేస్తోంది" అన్నాడు. మధ్యాహ్నానికల్లా ఆసుపత్రి మొత్తానికి అది కొత్తకోడలైపోయింది. నేను అత్తగారినైపోయాను.

"ఇంకేం అమ్మగారూ, కోడలొచ్చింది. కాళ్ళు చాపుకుని కూర్చోండి" అన్నాడు. నవ్వాను.

నాకు దాని మీద కోపమేమీ లేదు. నిజంగానే ఏమీ లేదు. ఏ మంచంలో ఎవరున్నారు, ఏ రిపోర్టు వచ్చింది, డాక్టరుగారు ఎప్పుడొస్తారు, అన్నీ దానికి తెలుసు. నేనైతే ఒక్కోదానికి ఫోను తిప్పి, అవతల ఎత్తేదాకా ఆగి, అడిగి చెప్పాలి. జనానికి మంచిదే కదా.

చాలామంది అటే వెళ్ళారు. టీ రెండుసార్లూ వేడిగా తాగాను. ఈ కుర్చీలో కూర్చున్నప్పటి నుంచీ చల్లారిన టీ తప్ప ఎరగను.

జూన్ 3, మంగళవారం

ప్రార్థనలో మంచాల నంబర్లు చెప్పుకున్నాను. పేర్లు నాకు గుర్తుండవు, దేవుడికి నంబర్లు చాలు. ఏడు, పద్నాలుగు, పంతొమ్మిది. ఇంకెవరూ నన్ను అడగలేదు. కోడల్ని అడిగినవాళ్ళ నంబర్లు నాకు తెలియవు. అందుకని "ఎదురుగా నిలబడి అడిగిన వాళ్ళందరూ" అన్నాను. అలా గుత్తగా చెబితే చెల్లుతుందో లేదో.

జూన్ 5, గురువారం

ఒక పెద్దాయన కోడలి ముందు నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు. అది రక్తపరీక్ష సంగతి చెప్పింది. డాక్టరుగారు వచ్చే వేళ చెప్పింది. తరవాత అదే గొంతుతో అంది: "నిబ్బరంగా ఉండండి నాయనా. ఏం కాదు. తగ్గిపోతుంది."

గొంతు ఎవరో చిన్నపిల్లది. మాట నాది. "నాయనా" అన్నాక ఆ కాస్త ఆగడం కూడా నాదే.

మొన్న చలికాలంలో కంప్యూటరమ్మాయి నా పక్కన కుర్చీ వేసుకుని చాలా రోజులు కూర్చుంది. కౌంటరు మీద చిన్న మైకు పెట్టి, ఇక్కడి మాటలు రికార్డు అవుతాయని అద్దానికి కాగితం అంటించింది. దేనికని అప్పుడు నేను పెద్దగా అడగలేదు. ఇవాళ అడిగాను.

"మీ దగ్గరికి అరుచుకుంటూ వచ్చినవాళ్ళు కూడా మెల్లగా మాట్లాడి వెళతారమ్మా. నేను చూశానుగా. మీ తీరంతా దానికి నేర్పించాం" అంది.

హైస్కూలుతో చదువు ఆపేసినదాన్ని. ఒక యంత్రానికి పంతులమ్మనయ్యాను! తండ్రీ, ఈ గర్వాన్ని క్షమించు. రేపటికి తగ్గించుకుంటాను.

జూన్ 6, శుక్రవారం

తగ్గలేదు. అయితే ఎవరికీ చెప్పలేదు.

జూన్ 10, మంగళవారం

ఆదివారం పొద్దున అన్నయ్యకి ఊపిరి అందకపోతే మా ఆసుపత్రికే తీసుకొచ్చాం. మా ఆయన పోయాక నేను అన్నయ్య వాళ్ళ మేడ మీద గదిలోనే ఉంటున్నాను కాబట్టి, వదిన కేక వినగానే దిగగలిగాను. లేకపోతే ఏమయ్యేదో.

ఊపిరితిత్తుల్లో నీరు చేరిందట. ఇన్నేళ్ళూ దుకాణాల బోర్డులు రాశాడు, ఆ రంగుల వాసన పీల్చి పీల్చి లోపల పాడైందని ఒకరు, కాదని ఒకరు. లోపలికి తీసుకెళుతుంటే స్ట్రెచర్ మీద పడుకునే తలుపు మీది బోర్డు చూసి, "చిట్టీ, ఆ 'నిశ్శబ్దం' ఎవడు రాశాడే? అక్షరాలకి నడుం విరిగిపోయింది" అన్నాడు. నర్సు నవ్వింది. వదిన, "మీ నడుం సంగతి చూసుకోండి ముందు" అంది.

ఇప్పుడు మూతికి మాస్కు పెట్టారు. మాట లేదు. తొమ్మిదో మంచం.

ఇన్నాళ్ళూ అందరి నంబర్లూ చెప్పుకున్నాను. మా నంబరు చెప్పడానికి నోరు రాలేదు. అన్నయ్య అనే అన్నాను.

జూన్ 11, బుధవారం

డాక్టరుగారు నన్ను వరండాలో ఆపి మాట్లాడారు. నేను ఇక్కడిదాన్ని కనుక నాతో చెప్పారు. ఆ మాట ఇక్కడ రాయను.

వదిన పొద్దుటి నుంచి హాల్లో ఇనుప కుర్చీలోనే ఉంది. బ్రెడ్డు ఇస్తే సగం తిని, సగం మళ్ళీ కాగితంలో చుట్టింది. "ఏమన్నారు?" అంది.

"ఏం కాదు వదినా. తగ్గిపోతుంది" అన్నాను.

"నీదీ ఒక మాటేనా చిట్టీ? కాలు విరిగినా ఏం కాదంటావు, ఇల్లు కూలినా ఏం కాదంటావు. ఆ రోజు పాలు పొంగి పొయ్యి ఆరిపోతే కూడా దేవుడి దయ అన్నావు" అంది. తిట్టలేదు, నవ్వుతూనే అంది. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

జూన్ 12, గురువారం

ఇవాళ వదిన కోడలి దగ్గరికి వెళ్ళింది.

నేను కౌంటరులో ఉన్నాను. మాటలన్నీ వినబడుతున్నాయి. అది చెప్పింది: తొమ్మిదో మంచం, పొద్దున ఎక్స్‌రే తీశారు, రిపోర్టు డాక్టరుగారికి చేరింది, సాయంత్రం ఐదింటికి ఒకరిని లోపలికి పంపుతారు. వదిన "ఆయనకి తగ్గుతుందా అమ్మా?" అని అడిగింది. యంత్రాన్ని అమ్మా అంది.

"నిబ్బరంగా ఉండండమ్మా. ఏం కాదు. తగ్గిపోతుంది."

వదిన మొహం ఎలా మారిపోయిందో! నా దగ్గరికి గబగబా వచ్చి, "విన్నావా? ఎక్స్‌రే చూసే చెప్పింది. ఇప్పుడు నమ్ముతాను" అంది. అక్కడే నిలబడి కూతురికి ఫోను చేసింది.

మా మేనకోడలు కొండల్లో వంతెన కట్టే చోట ఇంజనీరు. పొద్దున ఒకే బస్సు, అది తప్పితే మర్నాడే. ఈ వారం స్లాబు పోస్తారట, అది వదిలి రావడం కష్టం. అయినా "వచ్చేయనా అమ్మా?" అని రోజూ అడుగుతోంది. వదిన, "వద్దులేవే. తగ్గిపోతుందని ఆసుపత్రి వాళ్ళే చెప్పారు. పని ముగించుకునే రా" అంది.

ఫోను నా చేతికిచ్చింది. "అత్తా, నిజమేనా?" అంది మేనకోడలు.

"అమ్మ చెప్పింది కదా" అన్నాను.

అబద్ధం కాదు అది. అమ్మ చెప్పింది.

జూన్ 13, శుక్రవారం

మొన్న రాయనన్నది రాస్తున్నాను. డాక్టరుగారు అన్నది ఇదీ: "మా ప్రయత్నం మేం చేస్తున్నాం. చూడాల్సిన వాళ్ళు ఎవరైనా ఉంటే పిలిపించండమ్మా."

పిలిపించలేదు. పిలిపిస్తే నిజమైపోతుందనిపించింది.

ఇవాళ డ్యూటీ అయ్యాక హాలు కాస్త ఖాళీగా ఉంటే, దాని ముందుకు నేనూ వెళ్ళాను. దగ్గరికి వెళ్ళడం ఇదే మొదలు. తెర వెలిగింది. తల వంచింది. తొమ్మిదో మంచం అన్నాను. నాకు తెలిసినవే అన్నీ చెప్పింది. "తగ్గుతుందా?" అని అడిగాను. దానికి వినబడలేదు, రెండోసారి అడగాల్సి వచ్చింది.

"నిబ్బరంగా ఉండండమ్మా. ఏం కాదు. తగ్గిపోతుంది."

నా మాటలే. మైకు ముందు కూర్చుని నేనన్నవే. దానికి అంతకు మించి ఏమీ తెలియదని నాకు తెలుసు. అయినా గుండెల మీది బరువు దిగినట్టయింది. ఏమో, ఎక్స్‌రే దాని దగ్గర ఉంది కదా. నాకు కనబడనిది దానికేదో కనబడిందేమో.

కనబడి ఉండొచ్చు.

జూన్ 14, శనివారం, పొద్దున

కనబడి ఉండొచ్చు.

అదే రోజు, సాయంత్రం

పద్నాలుగో మంచం ఆయన తెల్లవారుజామున పోయాడు. ఆయన భార్య కౌంటరు దగ్గరికి వచ్చింది. కోపంగా వస్తుందనుకున్నాను. చాలా మెల్లగా మాట్లాడింది. నాకన్నా మెల్లగా.

"అమ్మా, ఆ మిషను నిన్న తగ్గిపోతుందంది. అందుకే నేను ఇంటికెళ్ళాను. బట్టలు ఉతికి, పడుకుని పొద్దున్నే వద్దామని. దానికి ఎవరు చెప్పారమ్మా తగ్గుతుందని? డాక్టరుగారా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"మరెవరు?"

ఆవిడ ఇంకాసేపు అద్దం అవతల నిలబడింది. "ఇంటికెళ్ళకుండా ఉండాల్సింది" అని తనలో తను అనుకుని వెళ్ళిపోయింది. భుజాన ఉతికిన తువ్వాలు ఉంది, మడత విప్పలేదు.

పద్నాలుగో నంబరు నా ప్రార్థనలో ఉంది. మొదటి రోజు నుంచీ ఉంది.

నేను కౌంటరు తలుపు తీసుకుని నేరుగా వదిన దగ్గరికి వెళ్ళాను. పక్కన కూర్చున్నాను.

"వదినా, ఆ కోడలికి ఏమీ తెలియదు."

"ఏ కోడలు?"

"అదిగో, అది. రిపోర్టు వచ్చిందా లేదా అంతవరకే దానికి తెలుసు. తగ్గిపోతుందన్న మాట నాది. నా దగ్గర నేర్చుకుంది. నేను అందరికీ అంటానుగా, అది విని అదీ అందరికీ అంటోంది. ఎక్స్‌రే చూసి చెప్పింది కాదు."

వదిన నన్ను చూసింది. కోడలి వైపు చూసింది. మళ్ళీ నన్ను చూసింది.

"నీ మాటా?"

"నా మాటే."

"చిట్టీ, నువ్వు అంటే మొక్కుకుంటున్నావు అనుకునేదాన్ని. అది అంటే కబురు చెబుతోంది అనుకున్నాను."

తరవాత డాక్టరుగారి మాట కూడా చెప్పాను. బుధవారమే చెప్పారని చెప్పాను. అప్పుడు వదిన నా చెయ్యి వదిలేసింది.

"బుధవారం! పిల్లకి నేను వద్దని ఫోను చేస్తుంటే పక్కనే నిలబడ్డావు. రాయిలా నిలబడ్డావు కదే!"

"నువ్వు నమ్మావు వదినా. నిన్ను చూసి నేనూ నమ్మాను."

"నోరుముయ్. ఫోను తియ్."

మేనకోడలికి నేనే చెప్పాను. ఒక్క మాటే: "బయల్దేరు తల్లీ." అది ఇంకేమీ అడగలేదు. పొద్దుటి బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది. రేపటి బస్సు దాకా ఆగాలి. ఆగుతాడా అన్నయ్య?

వదిన నాతో మాట్లాడడం లేదు. పక్కనే కూర్చుంది కానీ మాట్లాడడం లేదు.

తండ్రీ, ఒక్క రోజు. ఒక్కటే అడుగుతున్నాను.

జూన్ 15, ఆదివారం

వచ్చింది!

బస్సు కోసం ఆగలేదు. సైటుకి సిమెంటు తెచ్చి ఖాళీగా వెళుతున్న లారీ ఎక్కి వచ్చేసింది. జుట్టంతా బూడిద రంగు. తలకి పెట్టుకునే పచ్చ టోపీ చేతిలోనే ఉంది, ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకుని తిరుగుతోంది. వాచ్‌మన్ చూసి "ఎవరమ్మా, ప్లంబింగా? వెనక గేటు" అన్నాడు. "మా పిల్లయ్యా" అని నేను పరిగెత్తాను.

ముగ్గురినీ ఒకేసారి లోపలికి పంపకూడదు. నర్సు అటు తిరిగి నిలబడింది. ఆవిడకి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

అన్నయ్య కళ్ళు తెరిచే ఉన్నాడు. కూతుర్ని చూశాడు. పైనుంచి కిందదాకా చూశాడు, బోర్డు రాసేముందు గోడని చూసినట్టు. దాని చెయ్యి దగ్గరికి లాక్కుని, అరచేతిలో వేలితో ఏదో రాశాడు. దానికి అర్థం కాలేదు. "మళ్ళీ రాయి నాన్నా" అంది. మళ్ళీ రాశాడు, పెద్ద పెద్ద అక్షరాలతో, నిదానంగా. మంచానికి అటు పక్క నుంచి వదిన తలకిందులుగానే చదివేసింది. ఇన్నేళ్ళ కాపురం!

"లారీయా? అని అడుగుతున్నారే!"

మేనకోడలు నవ్వింది. నవ్వుతూనే మంచం అంచు మీద తల పెట్టి ఏడ్చింది. అన్నయ్య దాని జుట్టులోంచి సిమెంటు దులుపుతున్నాడు. దుమ్ము అతని దుప్పటి మీదే పడుతోంది. నర్సు వద్దనలేదు.

బయటికి వచ్చాక వదిన, దాచిన బ్రెడ్డు ముక్క తీసి కూతురికి సగం ఇచ్చింది. మిగతా సగం నా వైపు చాపింది. మాట్లాడలేదు. తీసుకున్నాను.

జూన్ 16, సోమవారం

కంప్యూటరమ్మాయిని పిలిచి చెప్పాను. "దానిచేత ఆ మాట అనిపించకమ్మా."

"ఏ మాటమ్మా?"

"ఏం కాదు, తగ్గిపోతుంది అనే మాట."

ఆ అమ్మాయి తెల్లబోయింది. "అమ్మా, అందరికీ నచ్చేది అదేనండీ! ఆ మాట విన్నవాళ్ళే తెర మీద ఎక్కువ చుక్కలు నొక్కి బాగుందంటున్నారు. మీరు కూడా అదే కదా అంటారు? మీరంటే తప్పు లేనిది అదంటే తప్పా?"

నాకు పెద్ద మాటలు రావు.

"నేనన్నప్పుడు ఆ మాట దేవుడి చెవిన పడాలని అంటానమ్మా. ఎదుటివాళ్ళు మధ్యలో వింటారు, అంతే. నాకేమీ తెలియదని వాళ్ళకి తెలుసు. ఇది రిపోర్టు చెప్పిన నోటితోనే అదీ చెబుతోంది. పద్నాలుగో మంచం ఆవిడ ఇంటికి వెళ్ళిపోయింది."

ఆవిడ సంగతంతా చెప్పాను. మా వదిన సంగతీ చెప్పాను. ఆ అమ్మాయి చెవి మీది పెన్ను తీసి, పెట్టి, తీసి, "నేను ఆ వైపు ఆలోచించలేదమ్మా" అంది. తన కళ్ళు ఎర్రబడ్డాయి. పాపం, మంచి పిల్ల. నా మీద గౌరవంతోనే కదా అంత కష్టపడి నేర్పింది. మాట నేర్పినదాన్ని నేనే, గర్వపడినదాన్నీ నేనే. ఆ పిల్లని ఏమంటాను?

"పైవాళ్ళతో మాట్లాడి తీయిస్తాను. తీశాక ఏమనమంటారు, తగ్గుతుందా అని అడిగితే?"

"తెలియదనమను. తెలియదు కదా దానికి."

జూన్ 18, బుధవారం

అన్నయ్య వెళ్ళిపోయాడు. అందరం దగ్గరున్నాం.

జూన్ 22, ఆదివారం

అన్నయ్య కుంచెలన్నీ వదిన కడిగి ఎండలో పెట్టింది. ఎప్పుడో ఎండి గట్టిపడిన వాటిని కూడా కడిగింది. నేను పక్కన కూర్చుని నీళ్ళు పోశాను.

"చిట్టీ, పిల్ల రాకపోయి ఉంటే నీతో ఈ జన్మకి మాట్లాడేదాన్ని కాదు" అంది.

"తెలుసు వదినా."

"అన్నీ తెలుసు నీకు. నోరే పెగలదు. ఇంకో బకెట్టు నీళ్ళు పొయ్యి."

జూన్ 30, సోమవారం

డ్యూటీకి వెళ్ళాను. వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు, ఏమనాలో తెలియక చేతిలో కర్ర ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. కాసేపటికి దగ్గరికొచ్చి, "అమ్మగారూ, కోడలికి బుద్ధొచ్చిందండీ. విన్నారా? అత్తగారిని అడగమంటోంది" అన్నాడు.

నిజమే. రిపోర్టులు, వేళలు అన్నీ చెబుతోంది. తగ్గుతుందా అని అడిగితే మాత్రం, "ఆ సంగతి నాకు తెలియదండీ. ఎదురుగా కౌంటరులో అమ్మగారు ఉన్నారు" అంటోంది.

ఎందుకలా అనమన్నావమ్మా అని ఆ కంప్యూటరమ్మాయిని అడగాలి. నాకు మాత్రం తెలుసా?

మధ్యాహ్నం ఒకతను వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో ఆడవాళ్ళ చెప్పులు. లోపలికి తీసుకెళ్ళేటప్పుడు విప్పించి ఉంటారు. "ఇరవై రెండో మంచం. మా ఆవిడ. మిమ్మల్ని అడగమంది అది. తగ్గుతుందా అమ్మా?"

అలవాటు కొద్దీ నోరు తెరిచాను. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు అన్నానో! పద్నాలుగో మంచం ఆవిడ తువ్వాలు కనబడింది. మడత విప్పని తువ్వాలు.

"నాకు తెలియదు నాయనా" అన్నాను.

వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. చెప్పుల సంచి రెండు చేతులతో పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. వెళ్ళడానికి ఎక్కడుంది కనుక.

లేచాను. కౌంటరు తలుపు తీసుకుని బయటికి వచ్చి, ఇనుప కుర్చీల్లో ఒకదాని మీద కూర్చుని, పక్క కుర్చీ చూపించాను. వచ్చి కూర్చున్నాడు. కాసేపటికి, "మీ సీటు దగ్గరికి ఎవరైనా వస్తేనో?" అన్నాడు.

"కోడలుంది. చూసుకుంటుంది" అన్నాను.

అతనికి అర్థం కాలేదు. అయినా తల ఊపాడు. ఎదురుగా అది ఎవరికో ఎక్స్‌రే గదికి దారి చెబుతోంది. చక్కగా చెబుతోంది. నేను చెబితే జనం రెండుసార్లు తప్పిపోయేవాళ్ళు.

లోపలి నుంచి నర్సు పిలిచేదాకా కూర్చున్నాం. అతను ఏమీ అడగలేదు, నేను ఏమీ చెప్పలేదు. వెళ్ళేటప్పుడు సంచి నా ఒళ్ళో పెట్టి వెళ్ళాడు, వచ్చి తీసుకుంటానని. నా కాళ్ళకన్నా చిన్న చెప్పులు.

టీ చల్లారిపోయింది.

తండ్రీ, ఇరవై రెండు. తగ్గిపోతుందన్న మాట ఇక నేను అనను. నువ్వు అను.